రేకు వెనక వైపు: పాత కార్ల ఫెండరు పొంగులపై ఒక సమీక్ష

పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లేవాళ్లకు ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ చాలాసేపు కనబడుతూనే ఉంటుంది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఫ్యాక్టరీకి లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. మొదట్లో ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం దానిది. ప్రెస్ షాపులోకి చదునుగా వెళ్లిన రేకు కొన్ని దెబ్బల్లోనే ఫెండరై బయటికి వస్తుంది. డై అరగనంత కాలం మొదటి ఫెండరుకూ లక్షో ఫెండరుకూ తేడా కనబడదు. అక్కడికి గంట ప్రయాణంలో, ఇటు హిందూపురంలోనూ అటు ధర్మవరంలోనూ, గుద్దుకున్న జీపు మడ్‌గార్డును సుత్తి, రేకు వెనక ఆనించే డాలీ అనే ఇనప దిమ్మె పట్టుకుని మళ్లీ ఒంపులోకి తెచ్చే టింకరింగ్ షెడ్లున్నాయి. ఈ రెండు పనులూ ఇప్పుడు ఒకే జిల్లాలో, శ్రీ సత్యసాయి జిల్లాలో, పక్కపక్కనే సాగుతున్నాయి.

పాత కారుకు వెడల్పు చక్రాలు వేసి, వాటిని కప్పేలా ఫెండరు అంచును బయటికి పొంగించడాన్ని ఫ్లేర్ అంటున్నాం. దాన్ని చేత్తో చేయించుకోవడం సబబేనా, ఏ పద్ధతిలో చేస్తే పదికాలాలు నిలుస్తుంది, ఆ పని తెలిసిన చేతులు మన దగ్గర ఉన్నాయా అన్నవి ఇక్కడ చూడాల్సిన ప్రశ్నలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫ్లేరు మంచిచెడ్డలు తేలేది పైన మెరిసే పెయింటులో కాదు, చక్రం వైపు ఉండే వెనక ముఖంలోనే. అక్కడ రేకు రేకుగా కనబడితే పని జరిగినట్టు. పుట్టీ దళసరిగా కనబడితే పని జరగనట్టే లెక్క.

ఈ పొంగులు అలంకారంగా పుట్టినవి కావు. పందేల కార్లకు పట్టు కోసం వెడల్పు టైర్లు వేశారు. టైరు బాడీ దాటి బయటికి వచ్చింది కాబట్టి దాన్ని కప్పక తప్పలేదు. పోర్షే 1973 నాటి కరేరా ఆర్‌ఎస్ 2.7కు ముందు 6 అంగుళాల రిమ్ములు, వెనక 7 అంగుళాలవి ఇచ్చి, వెనక ఫెండర్లను ఆ మేరకు వెడల్పు చేసింది. జపాన్‌లో తొలితరం స్కైలైన్ జీటీ-ఆర్ హార్డ్‌టాప్‌కు వెనక పొంగులను విడిగా చేసి బిగించారు. 1980లో వచ్చిన ఆడీ క్వాట్రోలో పొంగు బాడీ రూపురేఖల్లోనే కలిసిపోయింది. మనకు దగ్గరి చరిత్ర షోలవరానిది. మద్రాసు పక్కన రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద ఏళ్ల తరబడి జరిగిన పందేల్లో ఫియట్లు, అంబాసిడర్లు, హెరాల్డులు పరుగెత్తాయి. దక్షిణాదిలో పాత కార్లను మార్చి నడపాలన్న మోజుకు వేళ్లు చాలావరకు అక్కడే ఉన్నాయి. ఈనాటి సెల్టోస్ చక్రాల చుట్టూ ఉండే నల్లటి ప్లాస్టిక్ పట్టీ కూడా ఆ వంశంలోదే. కాకపోతే దాన్ని అచ్చులో పోసి క్లిప్పులతో తగిలిస్తున్నారు.

ఎంత పొంగు కావాలన్న లెక్క చాలామంది వేసుకోరు. పాత ఫియట్ 1100, ప్రీమియర్ పద్మిని కార్లకు వచ్చిన టైరు 5.20-14. అంటే అడ్డం సుమారు 132 మిల్లీమీటర్లు. దాని బదులు 185 టైరు వేస్తే పెరిగేది 53 మిల్లీమీటర్లు. చక్రం నడిమి గీత కదలకుండా ఉంటే అందులో సగమే, అంటే 26, 27 మిల్లీమీటర్లే, బయటి వైపు వస్తుంది. దానికి 30, 35 మిల్లీమీటర్ల పొంగు సరిపోతుంది. అంతకు మించి లాగాలంటే చక్రాన్ని కూడా బయటికి నెట్టాలి. అలా నెట్టిన ప్రతి మిల్లీమీటరు భారమూ బేరింగుల మీద పడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. నాకైతే పాత కారు మీద అరచేతి వెడల్పు పొంగు చూసినప్పుడల్లా ఆ బేరింగుల మీదే జాలి కలుగుతుంది.

కొలతలు తీసుకునే తీరు కూడా అంతే ముఖ్యం. కారును స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు వేలాడుతుండగా గీసిన గీత పనికిరాదు. స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు టైరు ఎంత పైకి వస్తుందో, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు ముందు టైరు మూల ఎక్కడికి చేరుతుందో చూసి, ఆ రెంటికీ 20, 25 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి అంచు గీయాలి. ఈ ఒక్కరోజు పని ఎగ్గొట్టి, కొత్త పెయింటు పడిన తర్వాత మొదటి స్పీడ్‌బ్రేకరు దగ్గరే టైరు రాసుకుందని గోలపెట్టేవాళ్లు ఎందరో.

ఇక పద్ధతులు. వాడుకలో నాలుగున్నాయి. మొదటిది, ఉన్న అంచునే కొట్టి బయటికి తిప్పడం. చక్రం చుట్టూ ఉన్న లోపలి మడతను వేడిచేసి, డాలీ ఆనించి, కొద్దికొద్దిగా తెరుస్తారు. కొత్త రేకు అక్కర్లేదు, వెల్డింగూ తక్కువే. 10, 15 మిల్లీమీటర్ల వరకు ఇది చక్కగా కుదురుతుంది. అది దాటితే అంచు చిట్లుతుంది. రెండోది, ఫెండరును కోసి, అదే ముక్కను బయటికి జరిపి, మధ్య ఖాళీలో రేకు పట్టీ అతకడం. అసలు అంచు రూపం చెడకుండా మిగలడం దీనిలోని సుఖం. మూడోది, పొంగు మొత్తాన్ని విడి రేకుతో చేసి, కొలిచి, ఫెండరుకు అతకడం. నాలుగోది ఫైబర్ పొంగులు తెచ్చి బోల్టులతో బిగించడం. వీటితో పాటు అయిదోది కూడా ఒకటుంది. చువ్వ ఒకటి వంచి, దానిమీద జాలీ కట్టి, పుట్టీతో నింపేయడం. దాన్ని పద్ధతుల్లో లెక్కపెట్టడానికి నాకు మనసొప్పదు. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించితే ఎండకు, కంపనానికి పగలడం ఖాయం. అనంతపురం సీమ వేసవిలో అది మరీ త్వరగా తేలిపోతుంది.

ఫైబర్‌ను నేను తీసిపారేయను. అది తాను ఫైబర్ అనే చెప్పుకుంటుంది. బోల్టులు విప్పితే కారు మళ్లీ పాత రూపానికి దగ్గరగా వస్తుంది. అయితే చాలాసార్లు దాని కింద ఫెండరును అడ్డదిడ్డంగా కోసి, ఆ పచ్చి అంచును అలాగే వదిలేస్తారు. రెండు వానాకాలాలకు అక్కడి నుంచే తుప్పు పాకుతుంది.

చేతి పనికి అసలు పరీక్ష మూడో పద్ధతిలోనే ఉంది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుదాం.

అంచు గీత 350 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో అర్ధచంద్రాకారంలో ఉందనుకుందాం. దాని పొడవు సుమారు 1,100 మిల్లీమీటర్లు. ఈ పొంగును ఫెండరుకు అతకడానికి 40 మిల్లీమీటర్ల వెడల్పు రేకు బయటి వైపు పరుచుకోవాలి. ఆ రేకు చివర వ్యాసార్ధం 390 అవుతుంది కాబట్టి అక్కడి పొడవు 1,225. చదును పట్టీలో రెండు అంచులూ 1,100 గానే మొదలయ్యాయి. ఒక అంచును 125 మిల్లీమీటర్లు, అంటే నూటికి 11 పాళ్లు, సాగదీస్తే తప్ప పట్టీ ఆ ఒంపు తిరగదు. అదే పట్టీలో చక్రం వైపు 20 మిల్లీమీటర్లు లోపలికి మడవాలంటే అక్కడి పొడవు సుమారు 1,037కి తగ్గాలి, అంటే 63 మిల్లీమీటర్లు ముడుచుకోవాలి. ఒకే రేకు ఒక పక్క సాగుతూ, మధ్యలో ఉన్నచోటే ఉండి, మరో పక్క ముడవాలి. బల్ల మీద వంచితే ఇది రాదు. రేకు మందాన్నే ఒకచోటి నుంచి మరోచోటికి జరపాలి. మేస్త్రి చేసేది సరిగ్గా ఇదే.

ముందు 6 మిల్లీమీటర్ల చువ్వను అంచు గీత ప్రకారం వంచి కారు మీదే రెండు మూడు వెల్డింగు టాకాలతో నిలబెడతారు. దూరం నుంచి, పక్క నుంచి, వెనక నుంచి చూసి చువ్వను సరిచేస్తారు. కంటికి నప్పిన తర్వాత చువ్వకూ ఫెండరుకూ మధ్య దళసరి కాగితం పరిచి, ఒంపు కూర్చోని చోటల్లా కత్తెరతో గాట్లు పెడతారు. గాటు విచ్చుకున్న చోట రేకు సాగాలి. కాగితం ఒకదానిమీద ఒకటి ఎక్కిన చోట రేకు ముడవాలి. ఆ గుర్తులన్నీ రేకు మీదికి దించుతారు. హిందూపురంలో ఒక షెడ్డులో మేస్త్రి సుద్దముక్క చేతికిచ్చి కుర్రాడికి చెబుతుంటే విన్నాను: "యాడ సాగల్లో ఆడ సున్నా పెట్టు, యాడ ముడవల్లో ఆడ అడ్డగీత పెట్టు. కొట్టేటప్పుడు నన్ను చూడద్దురా, రేకును చూడు." ఆ కుర్రాడు సున్నాలు దగ్గరదగ్గరగా, గీతలు ఎడంగా పెట్టుకుంటూ పోయాడు. అంతటి లెక్కా సుద్దతో ఆ రేకు మీదికి దిగిపోయింది.

తర్వాత ఇసుక నింపిన తోలు సంచి, కొయ్య సుత్తి. సున్నాలున్న చోట మధ్య నుంచి మొదలుపెట్టి వరుసలుగా కొడితే రేకు పలచబడుతూ గిన్నెలా దిగుతుంది. అడ్డగీతలున్న అంచులో పట్టకారుతో చిన్న ముడతలు తీసి, అవి విచ్చుకోకుండా పట్టి, సుత్తితో అణిచేస్తే అక్కడ పొడవు తగ్గి మందం పెరుగుతుంది. ఈ దశలో రేకు చూడ్డానికి దారుణంగా ఉంటుంది. అలవాటు లేనివాళ్లు పాడైపోయిందనుకుంటారు. ఆ తర్వాత చదునైన సుత్తి, లోపల డాలీ. ఇంగ్లిష్ వీల్ అనే రెండు చక్రాల యంత్రం ఉంటే దాని మధ్య నడిపిస్తారు. దెబ్బల గుంటలన్నీ ఒకదానిలో ఒకటి కలిసి నునుపవుతాయి. చేతికి గ్లవ్ తొడిగి గానీ, పలచటి గుడ్డ వేసి గానీ రేకు మీద నిమిరితే కంటికి ఆనని ఎత్తుపల్లాలు వేళ్లకు తెలుస్తాయి. చివరికి చక్రం వైపు అంచులో ఆ చువ్వనే పెట్టి రేకును దాని చుట్టూ మడిచేస్తే పొంగుకు వెన్నెముక దొరుకుతుంది. చువ్వ లేని పొంగు రోడ్డు మీద టపటపలాడుతుంది.

కొట్టేకొద్దీ ఇనప రేకు బిగిసిపోతుంది. సుత్తి దెబ్బకు మొదట్లో మెత్తగా పలికిన రేకు తర్వాత్తర్వాత గణగణమంటుంది. అప్పుడు ఆపి, గ్యాస్ మంటతో ఎర్రబడేదాకా కాల్చి, గాలికే నెమ్మదిగా చల్లారనివ్వాలి. నీళ్లు చల్లితే పని చెడుతుంది. అల్యూమినియం ఎర్రబడకుండానే కరిగిపోతుంది కాబట్టి దానిమీద సబ్బు రాసి, అది నల్లబడగానే మంట తీసేస్తారు. అందరికీ చెప్పదగ్గ మాట రేకు ఎంపిక గురించి. మనదేశంలో ఐఎస్ 513 ప్రమాణం ప్రకారం దొరికే కోల్డ్ రోల్డ్ రేకులో డీప్ డ్రాయింగ్, ఎక్స్‌ట్రా డీప్ డ్రాయింగ్ రకాలు ఈ పనికి తగినవి. మందం 0.9 నుంచి 1 మిల్లీమీటరు ఉండాలి. 1 మిల్లీమీటరు రేకు నూటికి 11 పాళ్లు సాగినచోట 0.9 దగ్గరికి దిగినా బలం పోదు. షెడ్డులో మూల పడున్న ఏ రేకైనా సరే అనుకుంటే అంచు దగ్గర చిట్లినప్పుడు తెలిసొస్తుంది.

ఎర్రమంచి చుట్టూ ఇంత రేకు పని జరుగుతుంటే ఇక్కడ రేకుకేం కొదవ అని అడిగినవాళ్లున్నారు. కొత్త కార్ల రేకు ఈ పనికి పనికిరాదు. ఇప్పటి బయటి ప్యానెళ్లు 0.7 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. వాటికి జింకు పూత ఉంటుంది, బలం కోసం వేరే రకం ఉక్కు వాడతారు. కొన్ని రకాలైతే పెయింటు ఓవెన్ వేడికి ఇంకా గట్టిపడేలా తయారవుతాయి. సుత్తితో వంచితే వెనక్కి ఎగిరొస్తుంది, గ్యాస్ పెడితే జింకు పొగ మేస్త్రి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాత అంబాసిడరు రేకు మెత్తనిది, మందమైనది. చేతి పనికి లొంగే గుణం దానిలోనే ఉంది. పాత కార్ల మీదే ఈ విద్య బతకడానికి కారణం అభిమానం ఒక్కటే కాదు, ఆ లోహం కూడా.

అతుకు దగ్గరే మంచి ఫ్లేర్లు ఎక్కువగా చెడతాయి. ఒక రేకు మీద మరో రేకు ఎక్కించి అతికితే పని సులువు, కానీ ఆ సందులో నీళ్లు చేరి తుప్పు లోపలి నుంచి తినేస్తుంది. అంచుకు అంచు ఆనించి అతకాలి. రెండు మూడు సెంటీమీటర్లకొక టాకా వేసి, ఒకటి ఇక్కడ, తర్వాతది దూరంగా అక్కడ, చల్లారనిస్తూ పోవాలి. వెల్డింగు చల్లారేటప్పుడు ముడుచుకుని చుట్టూ ఉన్న రేకును లాగేస్తుంది. అందుకే అతుకు కింద డాలీ పెట్టి, పైన సుత్తితో కొట్టి, పోయిన పొడవును తిరిగి సాగదీయాలి. సీఓటూ వెల్డింగులో వరుస గట్టిగా గడ్డకడుతుంది, సుత్తికి లొంగదు. గ్రైండరు పట్టి అరగదీస్తే పక్కనున్న అసలు రేకు పలచబడుతుంది. ఆర్గాన్ వెల్డింగు వరుస సన్నంగా, మెత్తగా వస్తుంది. గ్యాస్ వెల్డింగు అన్నిటికంటే మెత్తనిది, అయితే వేడి చాలా దూరం పాకుతుంది. చెయ్యి తిరిగినవాడైతే గ్యాస్, కాకపోతే ఆర్గాన్ అని నేను సలహా ఇస్తాను. సీఓటూను చాసీ పనికి ఉంచుకోవచ్చు.

చాలామంది మరిచిపోయేది లోపలి అర. వెనక ఫెండరు ఒంటి రేకు కాదు. బయటి ప్యానెలు, లోపల చక్రం గూడు, రెండూ అంచు దగ్గర కలుస్తాయి. బయటి దాన్ని కోసి పొంగు అతికితే ఈ రెంటి మధ్య నోరు తెరుచుకుంటుంది. చక్రం గూడు అంచులో వరుసగా గాట్లు పెట్టి, రెక్కల్లా బయటికి వంచి, పొంగుకు కలిపి, ఆ సందులన్నీ మూసి, సీలర్ పూసి, ఎపాక్సీ ప్రైమరు కొట్టాలి. ఎవరూ చూడని పని అది. ధర అడిగినప్పుడు మొదట తగ్గించేదీ దీన్నే. ఫ్లేరు వెనక చెయ్యి పెట్టి తడిమి చూడండి. పలచటి అయస్కాంతం ఒకటి పైన అంచు పొడవునా జరిపి చూడండి. అయస్కాంతం జారిపోయిన చోట రేకు పైన పుట్టీ దళసరిగా ఉన్నట్టు, లేదా అక్కడ అసలు రేకే లేనట్టు.

ఇప్పుడు చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఆ మాటనే గట్టిగా చెప్పింది. పాత కార్లవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన వాహనాన్ని 20,000 రూపాయల రుసుముతో పదేళ్లకు నమోదు చేయించుకోవచ్చు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. అయితే వాహనం అసలు రూపంలోనే ఉండాలి. చాసీలో, బాడీలో, ఇంజనులో చెప్పుకోదగ్గ మార్పులు జరిగి ఉండకూడదు. 1965 నాటి ఫియట్ ఫెండరును కోశారంటే ఆ గౌరవాన్ని చేతులారా వదులుకున్నట్టే. కాబట్టి చెక్కుచెదరని పాత కారును కోయడాన్ని నేను సమర్థించలేను. ముందు ఫెండర్లు చాలా పాత కార్లలో బోల్టులతో ఊడివస్తాయి. తుప్పు పట్టిన పాత ఫెండర్లు బెంగళూరు జేసీ రోడ్డులోనో, పాత ఇనుము అంగళ్లలోనో వెతికి తెచ్చుకుని, పొంగులు వాటి మీద చేయించి, అసలువాటిని నూనె పూసి అటక మీద దాచుకోవచ్చు. వెనకవి అలా కుదరవు. అవి బాడీతో కలిసి ఉంటాయి. అక్కడ అప్పటికే తుప్పు తిని, ఎలాగూ కోయక తప్పని కారైతేనే ముందుకు వెళ్లాలి.

చేతుల సంగతి చివరికి మిగిలింది, నాకు దిగులంతా దాని గురించే. మన దగ్గర రేకు పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద పరిచి బొమ్మలు తీసేవాళ్లున్నారు. ఆలయ విగ్రహాలకు వెండి కవచాలు కొట్టే ఆచార్లున్నారు. బిందె పొట్టను సాగదీసి, మెడను ముడిచే కంచరివాళ్లది సూత్రంలో అచ్చంగా ఫ్లేరు పనే. వాహనాల వైపు చూస్తే విజయవాడ ఆటోనగర్ ఈ విద్యకు తల్లివేరు. లారీ చాసీ ఒక్కటే వచ్చేది. క్యాబిన్, బాడీ, మడ్‌గార్డులు అన్నీ అక్కడే కొయ్యతో, రేకుతో పుట్టేవి. లారీ క్యాబిన్లకు, బాడీలకు ఏఐఎస్-093 వంటి ప్రమాణాలు వచ్చి, క్యాబిన్లు కంపెనీల నుంచే తయారై రావడం పెరిగాక, సున్నా నుంచి ఒంపు తీసే పని తగ్గి, సొట్ట తీసే పని, ప్యానెలు మార్చే పని మిగిలాయి. హిందూపురం, ధర్మవరం షెడ్లలోనూ అదే వరస. నలభై దాటిన మేస్త్రికి ఇసుక సంచి మీద కొట్టడం తెలుసు. పక్కనున్న కుర్రాడికి పుట్టీ పూసి రుద్దడం తెలుసు. రేకు చిట్లకుండా ఎంతవరకు లాగవచ్చో ఆ కుర్రాడికి చెప్పే అవకాశం మేస్త్రికి రావడం లేదు, ఎందుకంటే అలాంటి పని తెచ్చేవాడే లేడు.

ఐటీఐల్లో షీట్ మెటల్ వర్కర్, మెకానిక్ ఆటో బాడీ రిపేర్ ట్రేడులున్నాయి. చదువు ముగిసిన పిల్లలు జీతం, బస్సు, క్యాంటీను ఉన్న ఫ్యాక్టరీ వైపు చూడటం న్యాయమే. కానీ ఆ కోర్సులో ప్రతి బ్యాచీ ఒక జత ఫెండరు పొంగులు చేయాలని పెడితే కొలత, జ్యామితి, లోహం, వెల్డింగు అన్నీ ఒక్క పనిలో వచ్చేస్తాయి. జతే చేయాలి. కుడివైపు ఒక్కటి ఎవరైనా తంటాలుపడి తెస్తారు. కాగితం అచ్చును తిరగేసి, ఎడమవైపు దానికి సరిజోడుగా తేవడంలోనే చేతి నిదానం తెలుస్తుంది. ఊళ్లలోని మేస్త్రీలను వారానికి ఒక పూట పిలిచి, రోజుకూలికి తగ్గకుండా ఇచ్చి, ఆ పిల్లల పక్కన నిలబెట్టాలి. పాత కారు యజమానులు కూడా పని అప్పగించేటప్పుడు ఒక షరతు పెట్టుకోవాలి: ప్రైమరు కొట్టేముందు వట్టి రేకు మీద ఉన్నప్పుడే వచ్చి చూస్తామని, వెనక వైపు ఫోటోలు తీసుకుంటామని, ఆ పనికి పట్టిన రోజులకు విడిగా డబ్బిస్తామని. మేస్త్రి ఒప్పుకుంటే ఆ కారును అక్కడే వదిలిరావచ్చు.